బ్యాంకు పేరుతో వచ్చే మోసపు మెసేజ్‌లు, ఈమెయిళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మెసేజ్ మా బ్యాంకు పంపిందేనా కాదా అని ఎలా తేల్చుకోవాలి?

తేల్చుకోనక్కర్లేదు. ఇక్కడున్న జవాబుల్లో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇదొక్కటీ చదవండి. మెసేజ్ అసలుదో నకిలీదో పరీక్షించే పని పెట్టుకుంటే ఆ పరీక్షలో మనం ప్రతిసారీ నెగ్గాలి, మోసగాడు ఒక్కసారి నెగ్గితే చాలు. అందుకని పరీక్ష మానేసి దారి మార్చండి. మెసేజ్‌లోని లింకు, అందులో ఇచ్చిన నంబరు, దాంతో వచ్చిన ఫైలు, ఈ మూడింటినీ వదిలేయండి. ఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న బ్యాంకు యాప్ మీరే తెరవండి, లేదా కార్డు వెనకాల అచ్చేసిన నంబరుకు ఫోన్ చేయండి. ఖాతా నిజంగానే ఆగిపోయి ఉంటే ఆ సంగతి యాప్‌లోనూ కనిపిస్తుంది, ఫోనెత్తిన ఉద్యోగికీ తెలుస్తుంది. మెసేజ్ అసలుదే అయినా ఇలా చేస్తే మీకు పోయేది రెండు నిమిషాలు.

కింద చెప్పిన గుర్తులన్నీ తెలిసి ఉండటం మంచిదే. కానీ అవన్నీ దీని తర్వాతే.

అక్షరదోషాలు, తప్పుల తడక భాష చూసి పట్టేయవచ్చు అంటారు కదా?

ఒకప్పుడు పట్టేయగలిగేవాళ్లం. ఇప్పటికీ తప్పులుంటే అనుమానించాల్సిందే. అయితే తప్పులు లేవు కాబట్టి అసలుదే అనుకోవడానికి మాత్రం వీల్లేదు. ఏఐ వచ్చాక ఏ భాషలోనైనా శుభ్రమైన వాక్యాలు రాయడం ఎవరికైనా సాధ్యమే. బ్యాంకు లోగో, రంగులు, కింద ఉండే సన్నని అక్షరాల హెచ్చరిక కూడా అసలు ఈమెయిల్ నుంచి యథాతథంగా ఎత్తేస్తారు.

భాష మారినా కథ మారదు. ముందు భయమో ఆశో పెడతారు, వెంటనే గడువు పెడతారు, ఆ పక్కనే నొక్కడానికి ఒక లింకు పెడతారు. ‘ఈ రాత్రికి మీ ఖాతా నిలిచిపోతుంది’, ‘రివార్డు పాయింట్లకు నేడే ఆఖరు’, ‘పన్ను రీఫండ్ జమ కాలేదు, ఖాతా వివరాలు సరిచూడండి’ లాంటివన్నీ ఈ అచ్చులోంచి వచ్చినవే.

నా దృష్టిలో వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది: ‘మీ కార్డు మీద ఇప్పుడే పెద్ద మొత్తం ఖర్చయింది. అది మీరు చేసింది కాకపోతే ఆపడానికి ఇక్కడ నొక్కండి’. దీనికి పడిపోయేది ఆశపోతులు కాదు, మోసాన్ని ఆపాలని పరిగెత్తే జాగ్రత్తపరులు. పైగా నిజమైన బ్యాంకు హెచ్చరికలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

బ్యాంకు పాత మెసేజ్‌లు ఉన్న వరసలోనే ఇదీ వచ్చింది. మరి అసలుదే కదా?

కాకపోవచ్చు. ఎస్సెమ్మెస్‌లో పంపినవారి పేరు ఉండే చోట అక్షరాలు పెట్టుకునే సౌకర్యం ఉంది. ఆ పేరును ఎవరు వాడుకుంటున్నారో అన్ని దేశాల్లోనూ, అన్ని నెట్‌వర్క్‌లలోనూ గట్టిగా తనిఖీ చేయరు. ఫోన్ ఆ పేరునొక్కదాన్నే చూసి మెసేజ్‌లను ఒక వరసలో పేరుస్తుంది. కాబట్టి మోసగాడు అదే పేరు పెట్టి పంపితే, నిన్నటి నిజమైన ఓటీపీ కిందే నేటి నకిలీ హెచ్చరిక వచ్చి కూర్చుంటుంది.

సింగపూర్‌లో 2021 డిసెంబరులో జరిగింది ఇదే. ఓసీబీసీ బ్యాంకు ఖాతాదారులకు ఆ బ్యాంకు పేరుతో, అసలు మెసేజ్‌ల వరసలోనే నకిలీవి వచ్చాయి. దాదాపు 790 మంది కలిపి 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. బ్యాంకు తర్వాత వాళ్లందరికీ ఆ సొమ్ము చెల్లించింది. ఆ దెబ్బతో అక్కడి బ్యాంకులు 2022 జనవరిలో ఖాతాదారులకు పంపే ఎస్సెమ్మెస్‌లలో, ఈమెయిళ్లలో నొక్కే లింకులు తీసేయాలని నిర్ణయం జరిగింది. 2023 జనవరి ఆఖరు నుంచి అక్కడ నమోదు చేసుకోని పేరుతో వచ్చే మెసేజ్ మీద ‘మోసం కావచ్చు’ అనే ముద్ర పడుతోంది. భారత్‌లో రిజర్వు బ్యాంకు ఇంకో దారి పట్టింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని చెప్పింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది, కాస్త సినిమా ఫక్కీలో ఉంటుంది. కారులో చిన్న నకిలీ సెల్ టవర్ పెట్టుకుని రద్దీ వీధుల్లో తిరుగుతారు. దగ్గర్లోని ఫోన్లు పాత 2జీకి దిగి దానికి తగులుకుంటాయి. 2జీలో టవర్ అసలుదో కాదో ఫోన్ అడగదు. మెసేజ్ నేరుగా ఫోన్లో పడుతుంది, ఆపరేటరు పెట్టిన వడపోతలేవీ దారిలో తగలవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2జీని ఆపేయవచ్చు.

లింకు చూసి నకిలీదని ఎలా పోల్చుకోవాలి?

ఎడమ నుంచి కుడికి చదవడం మనకు అలవాటు. మోసగాడు నమ్ముకునేది కూడా ఆ అలవాటునే. మీ బ్యాంకు అసలు చిరునామా ‘మీబ్యాంకు.కామ్’ అనుకుందాం. మెసేజ్‌లో ఇలా ఉంది:

మీబ్యాంకు.కామ్.ఖాతా-సరిచూడండి.టాప్/లాగిన్

బ్యాంకు పేరు మొదట్లోనే కనిపించింది, కన్ను అక్కడే ఆగిపోతుంది. అలా కాకుండా ఏటవాలు గీత (/) ఎక్కడుందో చూడండి. మొదట్లో జంటగా వచ్చే గీతల్ని లెక్కలోకి తీసుకోకండి, వాటి తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత కావాలి. అక్కడ ఆగి వెనక్కి, అంటే ఎడమవైపుకు చదవండి. ముందు ‘టాప్’ వస్తుంది, తర్వాత చుక్క, తర్వాత ‘ఖాతా-సరిచూడండి’. ఈ చిరునామాకు యజమాని ఆ రెండు ముక్కల పేరు కొన్నవాడు. దానికి ముందు ఏ మాట తగిలించుకోవాలన్నది అతని ఇష్టం. బ్యాంకు పేరు తగిలించుకున్నాడు, అంతే. కొన్ని దేశాల చిరునామాల్లో చివర ‘డాట్ కో డాట్ ఇన్’, ‘డాట్ కో డాట్ యూకే’ లాంటివి ఉంటాయి. అక్కడ చివరి మూడు ముక్కలు చూడాలి.

గీత తర్వాత వచ్చే మాటలకైతే అసలు విలువే లేదు. అక్కడ బ్యాంకు పేరు పదిసార్లు రాసినా అది ఆ సైటు లోపలి ఓ పేజీ పేరు మాత్రమే. చిరునామా మధ్యలో ‘ఎట్’ గుర్తు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. దానికి ముందున్న భాగాన్ని బ్రౌజరు సైటు పేరుగా తీసుకోదు.

ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే ‘ఎమ్’ లాగే కనిపిస్తాయి. రష్యన్ లిపిలోని ‘అ’ అక్షరం ఇంగ్లిష్ ‘ఏ’ని అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఫోన్ తెర మీద వీటిని కంటితో పట్టుకోవడం కష్టం. పొట్టి లింకులు సరేసరి, వాటిలో చూడటానికే ఏమీ ఉండదు. అందుకే మొదటి జవాబులో చెప్పింది మళ్లీ చెబుతున్నా: ఈ విద్య అనుమానం రావడానికి పనికొస్తుంది, నమ్మకం పెట్టుకోవడానికి పనికిరాదు.

సైటులో తాళం గుర్తు ఉంది, హెచ్‌టీటీపీఎస్ కూడా ఉంది. సురక్షితమే కదా?

మీకూ ఆ సైటుకూ మధ్య జరిగే సంభాషణను దారిలో ఎవరూ వినలేరని మాత్రమే దానర్థం. అవతలున్నది దొంగే అయితే, దొంగతో రహస్యంగా మాట్లాడుతున్నారన్నమాట. సైటుకు ఆ తాళం రావడానికి కావాల్సిన ధ్రువపత్రాలు కొన్నేళ్లుగా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతున్నాయి. జనం తాళాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో గూగుల్ క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది.

ఈమెయిల్‌లో పంపినవారి పేరు బ్యాంకుదే కనిపిస్తోంది.

ఆ పేరు పంపినవాళ్లు తమకు తాము పెట్టుకున్నది. దాని మీద నొక్కితే అసలు ఈమెయిల్ చిరునామా బయటపడుతుంది. ‘ఎట్’ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని పైన చెప్పినట్టే వెనక నుంచి చదవండి. బ్యాంకు చిరునామానే దొంగిలించి పంపకుండా ఆపడానికి డీమార్క్ అనే ఏర్పాటు ఉంది. బ్యాంకు దాన్ని కఠినంగా పెట్టుకుంటే అలాంటి ఈమెయిళ్లు చాలావరకు మీదాకా రావు. కానీ దాన్ని పోలిన వేరే చిరునామా కొనుక్కుని పంపితే డీమార్క్ అడ్డుకోదు. ఆ చిరునామాకు అతనే అసలు యజమాని కదా!

అటాచ్‌మెంట్ల సంగతి క్లుప్తంగా: అడగని ‘స్టేట్‌మెంట్’, అడగని ‘ఫారం’ తెరవకండి. ఫైల్ తెరవగానే లాగిన్ అడిగితే అక్కడే మూసేయండి.

నా పూర్తి పేరు, కార్డు చివరి నాలుగంకెలు కూడా సరిగ్గా రాశారు. బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి?

చాలా దారులున్నాయి. ఎప్పుడో ఏదో కంపెనీ నుంచి వివరాలు బయటికి పొక్కి ఉంటాయి. చివరి నాలుగంకెలు రసీదుల మీద కూడా అచ్చవుతాయి. మీ గురించి తెలిసినంత మాత్రాన అవతలివాడు బ్యాంకువాడైపోడు.

ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. పాస్‌వర్డ్ తెలిసినా వాళ్లేం చేయగలరు?

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నకిలీ పేజీ అంటే వివరాలు రాసి దాచుకునే కాగితం లాంటిదనుకుంటాం. ఇప్పటి నకిలీ పేజీ అలా పనిచేయదు. మీరు అక్కడ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టగానే అవతలివాడు వాటిని అదే నిమిషంలో అసలు బ్యాంకు సైట్లో కొడతాడు. బ్యాంకు మీకు ఓటీపీ పంపుతుంది. అది నిజమైన ఓటీపీ, నిజమైన బ్యాంకు పంపిందే. మీ తెర మీద ‘దయచేసి ఆగండి’ అని చక్రం తిరుగుతూ ఉంటుంది. తర్వాత ‘ఓటీపీ నమోదు చేయండి’ అని గడి వస్తుంది. మీరు కొడతారు, అతను దాన్ని అసలు సైట్లో కొడతాడు. కొన్నిసార్లు ‘ఓటీపీ తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది. మొదటిది లాగిన్‌కు వాడేశాడు, రెండోది డబ్బు పంపడానికి కావాలి.

ఇదంతా చేయడానికి పెద్ద పరిజ్ఞానం కూడా అక్కర్లేదు, నెలసరి చందాకు దొరుకుతుంది. ల్యాబ్‌హోస్ట్ అనే అలాంటి సేవను లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఇతర దేశాల పోలీసులతో కలిసి 2024 ఏప్రిల్‌లో మూయించారు. దాని మీద 40,000కు పైగా నకిలీ సైట్లు నడిచాయని, దాదాపు 4,80,000 కార్డు నంబర్లు దొంగల చేతికి చిక్కాయని పోలీసులు చెప్పారు. ఓటీపీలను అప్పటికప్పుడు లాగేసే సాధనం కూడా ఆ చందాలోనే ఉండేది.

మరి మన చేతిలో ఏముంది? ఓటీపీ మెసేజ్‌ను పూర్తిగా చదవడం. తెర పైన నోటిఫికేషన్ రాగానే ఆరంకెలు మాత్రం చూసి కొట్టేస్తాం. ఫోన్ తనంతట తానే నింపేస్తే అవి కూడా చూడం. కానీ ఆ అంకెల పక్కన ఒక వాక్యం ఉంటుంది: ‘కొత్త పరికరంలో లాగిన్ కోసం’, ‘కొత్త లబ్ధిదారును (అంటే డబ్బు పంపడానికి కొత్త ఖాతాను) చేర్చడానికి’, లేదా ఫలానా మొత్తం ఫలానావాళ్లకు పంపడానికి. మీరు చిరునామా మార్చుకుంటున్నాననుకుంటున్నప్పుడు మెసేజ్ కొత్త లబ్ధిదారు గురించి మాట్లాడుతోందంటే, ఆ ఒక్క వాక్యమే మిమ్మల్ని కాపాడగలదు. యాప్‌లో ‘అనుమతించు’ బటన్ వచ్చినా అంతే. మీరేమీ చేయకుండా ఆ బటన్ వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరో ఉందని అర్థం.

డబ్బు రావడానికి పిన్‌గానీ ఓటీపీగానీ అక్కర్లేదన్నది కూడా గుర్తుంచుకోండి. అవి అడిగారంటే డబ్బు మీ ఖాతాలోంచి బయటికి వెళ్లబోతోంది.

మా బ్యాంకే అప్పుడప్పుడూ లింకులు పంపుతుంది. మమ్మల్నేం చేయమంటారు?

మీ చిరాకు న్యాయమైనదే. ఒకపక్క ‘లింకులు నొక్కకండి’ అని ప్రకటనలిస్తూ, ఇంకోపక్క లోన్ ఆఫర్లకూ సర్వేలకూ లింకులు పంపే బ్యాంకులు ఖాతాదారులకు చెడు అలవాటు నేర్పుతున్నాయి. ఎవరు పంపినా సరే, లింకు నొక్కి లాగిన్ అవ్వను అన్న నియమం మీ వైపు నుంచి పెట్టుకోండి. ఆఫర్ నిజమైతే యాప్‌లోనూ దొరుకుతుంది. దొరక్కపోతే ఆ ఆఫర్ లేకపోయినా బతకవచ్చు.

మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకే ఫోన్ చేసి కనుక్కుంటే?

మోసగాడినే ‘నువ్వు మోసగాడివా?’ అని అడిగినట్టవుతుంది. ఇంటర్నెట్‌లో ‘ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్’ అని వెతికినా నమ్మకం లేదు. నకిలీ నంబర్లను ప్రకటనలుగానూ, మ్యాపుల్లో మార్పులుగానూ పైకి తెస్తుంటారు. కార్డు వెనక, పాస్‌బుక్ మీద, యాప్ లోపల ఉన్న నంబరు వాడండి. దాన్ని ఈరోజే ఫోన్‌లో సేవ్ చేసుకుంటే కంగారులో వెతుక్కునే పని తప్పుతుంది.

మెసేజ్ తర్వాత ‘బ్యాంకు సెక్యూరిటీ విభాగం’ నుంచి ఫోన్ రావడం కూడా మామూలైపోయింది. తెర మీద బ్యాంకు నంబరే కనిపించినా అది నకిలీ కావచ్చు. ‘మీ డబ్బు ప్రమాదంలో ఉంది, ఈ సురక్షిత ఖాతాకు మార్చండి’ అన్నారంటే ఇంక వినకండి. ఏ బ్యాంకూ అలా అడగదు. ‘పెట్టేయకండి, లైన్లోనే ఉండండి’ అని బతిమాలినా, బెదిరించినా పెట్టేయండి. మర్యాద చూసుకోవాల్సిన సందర్భం కాదిది.

క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నారు.

క్యూఆర్ కోడ్ కూడా లింకే, కంటితో చదవలేని లింకు. అంతకుమించి తేడా లేదు.

లింకు నొక్కాను, కానీ ఏమీ నింపలేదు. ప్రమాదమా?

చాలావరకు కాదు. మీ నంబరు పనిచేస్తోందని, మీరు నొక్కే మనిషని వాళ్లకు తెలిసి ఉండవచ్చు, ఇంకొన్ని మెసేజ్‌లు రావచ్చు. పేజీ మూసేయండి, ఏదైనా ఫైలు డౌన్‌లోడ్ అయిందేమో చూసి తెరవకుండా తీసేయండి, ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి.

లింకు నుంచి ఒక యాప్ వేసుకున్నాను. తీసేస్తే సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. ఇలాంటి యాప్‌లు వేసుకోగానే మెసేజ్‌లు చదివే అనుమతి, తెర మీద జరిగేదంతా చూసే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. ఇచ్చామంటే ఓటీపీలు మన ప్రమేయం లేకుండానే వాళ్లకు చేరతాయి. కొన్ని తమ బొమ్మను దాచేసుకుంటాయి కూడా. ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వై-ఫై ఆపేయండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. ఆ తర్వాత ఫోటోల్లాంటివి మాత్రం దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌లు మార్చేది రీసెట్ అయ్యాకనే, లేదా వేరే ఫోన్ నుంచే. సోకిన ఫోన్లో కొత్త పాస్‌వర్డ్ కొడితే అది కూడా వాళ్లకే వెళుతుంది.

ఫోన్‌లో స్టార్ గుర్తుతో మొదలయ్యే ఏదైనా కోడ్ కొట్టించి ఉంటే, మీ కాల్స్ వాళ్లకు మళ్లి ఉండవచ్చు. ##002# డయల్ చేస్తే చాలా నెట్‌వర్క్‌లలో కాల్ ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

వివరాలు ఇచ్చేశాను, డబ్బు పోయింది. మొదట ఏం చేయాలి?

బ్యాంకుకు ఫోన్. పోలీసులకన్నా, పాస్‌వర్డ్ మార్చడంకన్నా ముందు అదే. పోయిన డబ్బు మొదట అద్దెకు తీసుకున్న ఎవరిదో ఖాతాలో పడుతుంది, అక్కడినుంచి నిమిషాల్లో చీలి వేరే ఖాతాలకు పోతుంది. ఆ గొలుసు తెగాలంటే అవతలి బ్యాంకుకు కబురు త్వరగా అందాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి, ఏ సమయానికి చెప్పారో కూడా రాసుకోండి.

తర్వాత మీరున్న దేశంలోని ఫిర్యాదు కేంద్రం. భారత్‌లో అయితే 1930, సింగపూర్‌లో 1799. బ్రిటన్‌లో 159కి కొడితే చాలా బ్యాంకుల మోసాల విభాగానికి కలుపుతారు. మెసేజ్‌ను, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. సిగ్గుపడి మెసేజ్ డిలీట్ చేసేస్తారు చాలామంది, అదే సాక్ష్యమని గుర్తుకు రాదు.

డబ్బు తిరిగి వస్తుందా?

దేశాన్నిబట్టి, ఎంత త్వరగా చెప్పారన్నదాన్నిబట్టి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారే పొరబాటున వివరాలు ఇచ్చేస్తే బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుది, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే మీరు తటపటాయించే ప్రతి గంటా మీ లెక్కలోకే వస్తుంది. అమెరికాలో అనుమతి లేని ఎలక్ట్రానిక్ బదిలీల విషయంలో, కార్డు లేదా వివరాలు పోయాయని తెలిసిన రెండు పని దినాల్లో చెబితే ఖాతాదారు బాధ్యత 50 డాలర్లు దాటదు, ఆలస్యమైతే 500 దాకా, ఇంకా ఆలస్యమైతే అంతకన్నా పైకి వెళ్లవచ్చు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తమ చేత్తో తామే డబ్బు పంపినవాళ్లకు కూడా 85,000 పౌండ్ల దాకా బ్యాంకులు తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంది, కొన్ని మినహాయింపులతో.

పాస్‌వర్డ్ మేనేజరు, పాస్‌కీ లాంటివి నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, అదీ మీరు ఊహించని చోట. పాస్‌వర్డ్‌లను దాచిపెట్టి మన బదులు నింపే పాస్‌వర్డ్ మేనేజరు లోగో చూడదు, రంగులు చూడదు, సైటు చిరునామా అక్షరం అక్షరం సరిపోతేనే పాస్‌వర్డ్ నింపుతుంది. ఎప్పుడూ నింపేది ఈరోజు నింపలేదంటే, మీరే చేత్తో కొట్టేయకుండా ‘ఎందుకు నింపలేదు?’ అని ఆగండి. పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ తాళంతోనో లాగిన్ అయ్యే పాస్‌కీ ఇంకో మెట్టు పైన. అది అసలు చిరునామాకే కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీకి ఇవ్వాలనుకున్నా మీరు ఇవ్వలేరు. మీ బ్యాంకులో ఆ సౌకర్యం ఉంటే పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా ఎలా చెప్పాలి?

ఇదంతా చెప్పకండి. చిరునామా వెనక నుంచి చదవడం, డీమార్క్ వాళ్లకెందుకు? ‘బ్యాంకు నుంచి ఏదొచ్చినా నాకు ఫోన్ చేసి చెప్పాకే ముట్టుకోండి’ అన్న ఒక్క మాట చాలు. ఆ ఫోన్ వచ్చినప్పుడు విసుక్కోకుండా ఉండటం మన వంతు. ఒకసారి ‘ఆమాత్రం తెలీదా?’ అన్నామంటే రెండోసారి అడగరు. డబ్బు పోయినా చెప్పరు.

మోసపు మెసేజ్‌కు ‘ఆపండి’ అని జవాబివ్వనా? డిలీట్ చేయనా?

జవాబివ్వకండి. ఫిర్యాదు చేసి డిలీట్ చేయండి. అమెరికా, బ్రిటన్‌లలో 7726కు ఫార్వర్డ్ చేయవచ్చు, భారత్‌లో టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ సైటులో ఇలాంటి ఫిర్యాదులకు చక్షు అనే విభాగం ఉంది. చాలా ఫోన్లలో మెసేజ్ కిందే ‘రిపోర్ట్’ బటన్ ఉంటుంది. బ్యాంకుకు కూడా పంపితే నకిలీ సైటును త్వరగా మూయించగలుగుతారు.

పోయిన డబ్బు ఇప్పిస్తామని ఎవరో సంప్రదించారు. నమ్మవచ్చా?

నమ్మకండి. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు జాబితాలుగా చేతులు మారతాయి. సైబర్ అధికారి, లాయరు, ‘రికవరీ ఏజెంటు’, ఏ పేరుతోనైనా రావచ్చు. ముందుగా ఫీజు కట్టమన్నా, జమ చేయడానికి ఓటీపీ చెప్పమన్నా అది రెండో మోసం. ఆ సంభాషణ స్క్రీన్‌షాట్లు తీసి, మొదటి ఫిర్యాదు నంబరుకే జత చేయించండి.